నూకిన చెయ్యి

దోమపిల్లలను పట్టడానికి కూడా ఒక పనితనం కావాలి. తొందరపడి గుడ్డ ముంచితే అవి అడుక్కి దిగిపోతాయి. ఫారం బంగళా వెనక సిమెంటు తొట్టి అంచున కూర్చుని నీలమ్మ పాత ధోవతి ముక్కను రెండు చేతుల మధ్య పరిచి, నీళ్ళలోకి దించి, కదలకుండా పట్టుకుంది. కాసేపటికి పురుగులు నమ్మి పైకి తేలాయి. అప్పుడు నాలుగు కొసలూ కలిపి మెల్లగా ఎత్తింది. నీళ్ళు కారిపోయాక గుడ్డ నడుమ నల్లటి నలుసులు ముడుచుకుంటూ విప్పుకుంటూ మిగిలాయి.

చెరువులో వలలు తిప్పే ఇంట పుట్టి, వలలు తిప్పే ఇంట మెట్టిన మనిషి ఆమె. కొర్రమట్టలను చేతుల్తో ఒడిసిపట్టి తట్టలో వేసుకుని గోలకొండ దాకా నడిచి అమ్మిన మనిషి. అటువంటిది ఈ ఆరు నెలలుగా చిటికెన వేలంత లేని ఒక్క చేపకు పొద్దున్నే మేత పట్టి ఇస్తోంది. కూర వండుకోవడానికి పనికిరాని చేపను గాజుపెట్టెలో పెట్టి హాల్లో కూర్చోబెట్టడం చూసి మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది. రాయదుర్గం బెస్తవాడలో ఆ ముచ్చట చెప్పి అందరినీ నవ్వించేది కూడా.

ఈ పొద్దు నవ్వు రాలేదు. ఇంటి దగ్గర గోడకు ఆనుకుని బిడ్డ చంద్రమ్మ కూర్చుని ఉంది.

చంద్రమ్మ తెలతెలవారుతుండగా వచ్చింది. పుప్పాలగూడలోని అత్తింటి నుంచి బండల్లో పడి, చెప్పుల్లేకుండా, ఒక్కతే నడిచి వచ్చింది. ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. చెవికమ్మ ఉండవలసిన చోట చెవి రెండుగా చీలి ఉంది. ఏమైందే అంటే, ఏమైందే అని పదిసార్లు అంటే, తల్లికి ఒక్కటే మాట చెప్పింది.

"అత్త తలుపు తీసి బయటికి నూకిందవ్వా."

అంతే. ఈ ఏడు ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ నీలమ్మే నాలుగు మంచి మాటలు చెప్పి, తల దువ్వి, తనే వెంట నడిచి దిగబెట్టి వచ్చింది. ఈసారి బిడ్డ చెవికి పసుపు అద్దింది. ఇంక పంపగూడదని అద్దుతూనే అనుకుంది. అయినా పంపకుండా ఉంచుకోవడం తన ఒక్కదాని చేతిలో లేదు. మొగుడు సాయిలు పోయి మూడేళ్ళయింది. మగదిక్కు లేని ఇంటి ఆడపిల్లను ఎక్కడ ఉంచాలో కులపెద్ద లింగమూర్తి చెప్పాలి. లింగమూర్తి కొడుకేమో ఈ సర్కారు విత్తనాల ఫారంలోనే కూలి చేస్తాడు. అంటే ఫారం ఆఫీసరు నోటి నుంచి ఒక్క మాట వస్తే లింగమూర్తి కాదనడు. చంద్రమ్మకు ఫారంలో కలుపు తీసే పని ఇప్పించి, పిల్ల తల్లి దగ్గరే ఉంటుందిలే అని ఆ ఆఫీసరు అంటే చాలు.

పొద్దున వేన్నీళ్ళ పొయ్యి రాజేస్తూ, గిన్నెలు తోముతూ, నీలమ్మ ఆ ఒక్క మాటను ఎట్లా అడగాలా అని లోపల కూడబలుక్కుంటూనే ఉంది.

ఆఫీసరు విశ్వేశ్వరరావు ఆ పొద్దునే జీపులో నిజామాబాదు వైపు టూరు వెళ్ళాడు. శనివారానికి గాని రాడు. ఇంట్లో ఆయన భార్య బాలాత్రిపురసుందరి ఒక్కతే ఉంది. భీమవరం దగ్గరి మనిషి. పేరు అంత పెద్దదైనా మనిషి సన్నగా, మాట మెత్తగా ఉంటుంది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ఒళ్ళో బిడ్డ లేదు. నీలమ్మ గుడ్డ ముక్కతో హాల్లోకి వచ్చేసరికి ఆమె గాజుపెట్టె ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పక్కన చిన్న పళ్ళెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు ఉన్నాయి.

పెట్టెలో మగచేప ఉంది. ఫైటరు చేప అంటారట. నీలం ఒళ్ళు, ఎర్రటి రెక్కలు, పట్టుపావడా కుచ్చిళ్ళలాగా పొడుగ్గా ఊగే తోక. పెట్టె పక్కన హార్లిక్సు సీసాలో ఆడచేప ఉంది. పోయిన వారం పట్నం నుంచి తెచ్చారు. మట్టిరంగులో, పొట్టి రెక్కలతో, చూడ్డానికి ఏమీ లేదు పాపం. రెండింటినీ కలపొద్దని కొట్టువాడు చెప్పాడనీ, గాజు అడ్డం ఉంచి చూపించాలే తప్ప ఒక్క నీళ్ళలో వదలొద్దనీ ఆఫీసరు రెండు మూడుసార్లు అనడం నీలమ్మ విన్నది.

త్రిపురసుందరి తన తల్లి దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం చూపించింది. నీలమ్మకు చదువు రాదని తెలిసీ చూపించింది. ఇంట్లో ఒంటి చేప ఉండకూడదని, ఒంటిగా ఉన్న ప్రాణి ముందు దీపం పెడితే ఆ ఇంటి ఒడి నిండదని, ఆడదాన్ని తెచ్చాక కూడా విడిగా ఉంచడం మరీ దోషమని, గురువారం మంచి ఘడియలో జంట కలపమని అందులో ఉందట. అది చెప్తూ చెప్తూ ఆమె ముఖం ఎర్రబడింది.

"మీరు తరతరాలుగా చేపలతో బతికినవాళ్ళు. నువ్వు చెప్పు నీలమ్మా. కలిపితే ఏమన్నా అవుతుందా?"

నీలమ్మ చూసింది. మగచేప మొప్పలు విప్పి, రెక్కలన్నీ నిక్కబొడిచి, సీసా ఉన్న వైపు గాజును ముట్టెతో పొడుస్తోంది. సీసాలోది అవతలి అంచుకు అంటుకుపోయి ఉంది. గూడు కట్టిన కొర్రమట్ట దగ్గరికి చెయ్యి పోతే ఏం చేస్తుందో తెలిసినదానికి ఇదేమిటో తెలియకపోదు. వద్దమ్మా అనాలి. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కానీ అడుక్కోవడానికి వచ్చినవాళ్ళు ముందే కాదని ఎట్లా అంటారు?

"కలిసిపోతయమ్మా. మొదాల జర గట్లనే జేస్తయి" అంది.

త్రిపురసుందరి ముఖం విప్పారింది. గాజుకు పసుపు బొట్టు పెట్టింది. పెట్టె చుట్టూ పసుపు తాడు తిప్పి ముడి వేయమంది. ఒక్కదాని చేతికి అందక ఇద్దరూ చెరో కొస పట్టుకుని ముడి వేశారు. నీళ్ళలో నాలుగు గింజలు అక్షింతలు పడ్డాయి. అప్పుడామె సీసా వంచింది. ఆడచేప జారి పడి, ఒక క్షణం ఉన్నచోటే ఆగి, చుట్టూ చూసుకున్నట్టు తిరిగింది. మగచేప రాలేదు. దూరాన నిలబడి రెక్కలు విప్పి ఒళ్ళు ఊపింది.

"చూశావా, ఎంత మర్యాదగా ఉన్నాడో" అని త్రిపురసుందరి చేతులు జోడించి నవ్వింది.

ఆ నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే నీలమ్మ తన మాట చెప్పింది. పూర్తిగా చెప్పలేదు; చెవి గురించి చెప్పింది, కన్ను గురించి చెప్పలేదు. ఎంతైనా పరాయివాళ్ళు, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. ఆదివారం కులపంచాయితీ కూర్చుంటుందని, సారు వచ్చాక లింగమూర్తికి ఒక్క మాట చెప్పించాలని వేడుకుంది. త్రిపురసుందరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తప్పకుండా చెప్తానంది. పిల్లకు కట్టబెట్టమని తన చీర ఒకటి తీసి ఇచ్చింది.

*

సాయంత్రం సాయిలు తమ్ముడు ఎల్లేశం వచ్చాడు. వస్తూ వస్తూ తన వల కూడా తెచ్చుకున్నాడు. అతనికి చేతుల్లో పని ఉంటే గాని మాట రాదు. గడప మీద కూర్చుని, కాలి బొటనవేలికి వల అంచు తగిలించుకుని, ఊడిపోయిన సీసపు గుండ్లను ఒక్కొక్కటే దారంతో బిగిస్తూ మాట్లాడాడు. పంచాయితీలో ఆడవాళ్ళు నోరు తెరవగూడదు. వాళ్ళ మాటను ఇంటి మగవాడు మోయాలి. నీలమ్మ మాటను మోయవలసినవాడు ఎల్లేశమే.

మోయబోయే మాట ఏదో ముందే తేల్చుకోవాలని అతను వచ్చాడు. నిజానికి తెలివైనవాడు, ఇంతకు ముందు నాలుగు పంచాయితీల్లో మాట మోసి మూడు గెలిచాడు.

"మొగడు కొట్టిండని చెప్తే పెద్దమనుషులు నవ్వుతరు వదినె. మావోళ్ళు కొట్టరా, నీ పెండ్లాన్ని నువ్వు కొట్టలేదా అంటరు. ముచ్చట ఆడ్నే ఆగిపోతది. అత్త నూకింది అనాలె. ఇంటి కోడల్ని గడప దాటించి నూకుడు కులానికే తప్పు. గది పట్టుకుందాం."

నీలమ్మకు ఆ లెక్క అర్థమైంది. కులంలో ఏది తప్పో ఏది కాదో ఆమెకూ తెలియనిది కాదు. చంద్రమ్మ అత్త పోచమ్మ మీద ఆమెకు కోపం కూడా ఉంది. పెళ్ళినాడు వియ్యపురాలి కాళ్ళు కడిగిన చేతులు ఇవి. ఆ మనిషి చూస్తూ చూస్తూ తన బిడ్డను చీకటి విడవకముందే బండల్లోకి తోసిందంటే, కొట్టిన కొడుకు కంటే ఆమే పాపిష్టిది అనిపించింది.

గోడ దగ్గర్నుంచి చంద్రమ్మ గొంతు వినిపించింది. పొద్దుటి నుంచి అదే రెండో మాట.

"అత్త నన్నెన్నడు కొట్టలే చిన్నాయినా."

"కొట్టిందన్ననా బిడ్డా? నూకిందా లేదా, గది చెప్పు."

చంద్రమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "నూకింది. రెండు చేతుల్తోటి నూకి తలుపేసుకుంది."

"గింతే సాలు" అని ఎల్లేశం దారాన్ని పంటితో కొరికి తెంపాడు.

*

శుక్రవారం పొద్దున నీలమ్మ హాల్లోకి వెళ్ళగానే ముందు పెట్టె వైపు చూసింది. నీళ్ళ మీద ఒక మూల తెల్లటి నురగ గంపలాగా పేరుకుని ఉంది. మగచేప పైకి వచ్చి గాలి మింగి, కిందికి దిగి, ఒక్కొక్క బుడగనూ ఆ నురగలో కూర్చిపెడుతోంది. ఎంత ఓపిక, ఎంత పొందిక! గూడు కడుతున్నాడని త్రిపురసుందరి మురిసిపోయింది. తల్లికి ఉత్తరం కూడా రాసేసింది.

ఆడచేప ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. పెట్టె అడుగున అలంకారానికి పెట్టిన రాయి వెనక, గాజుకూ రాతికీ మధ్య సందులో ఇరుక్కుని ఉంది. రంగు పాలిపోయి, ఒంటి మీద తల నుంచి తోక దాకా నల్లటి చార తేలింది. తోక అంచులు చిరిగిన చాటలాగా ఉన్నాయి. దోమపిల్లలను వేస్తే మగచేప తిన్నది. రాయి వెనకది కదల్లేదు. ఆకలికి ఒకసారి తల బయట పెట్టిందో లేదో, కూర్చి పెడుతున్న బుడగను వదిలేసి మగచేప బాణంలా వచ్చి పొడిచి, మళ్ళీ పోయి బుడగ అందుకుంది.

త్రిపురసుందరి అది చూసింది. చూసి నీలమ్మ వైపు తిరిగింది.

"మొదట్లో ఇంతేనంటావా?"

నీలమ్మ చేతి గుడ్డను పిండి, మళ్ళీ పిండి, "అంతేనమ్మా" అంది.

మధ్యాహ్నం పని అయ్యాక చెరువు దాకా పోయి, మోకాలి లోతు దిగి, నాచు పీచు దోసెడు తెచ్చి కడిగి పెట్టెలో వేసింది. దాక్కోవడానికి ఉంటుందని అనలేదు. పెట్టెకు అందంగా ఉంటుందమ్మా అంది. ఆడచేప ఆ నాచులోకి పోయింది. మగచేప కూడా దాని వెనకాలే పోయింది. నాచు ఊగడం మాత్రమే బయటికి కనిపించింది.

శనివారం మధ్యాహ్నం విశ్వేశ్వరరావు వచ్చాడు. ఒంటినిండా ఎర్రదుమ్ము. సంచీ కింద పెట్టి, నీళ్ళు తాగబోతూ పెట్టె వైపు చూసి, గ్లాసు అక్కడే పెట్టేశాడు. భార్యను ఒక్క మాట అనలేదు. పసుపు తాడును చాకుతో కోసి, చొక్కా చేతులు పైకి మడిచి, గుడ్డసంచి లాంటి చిన్న వలను నీళ్ళలోకి దించాడు.

ఆడచేప వలకు అందలేదు. మగచేప నుంచి పారిపోయినదానికంటే ఎక్కువగా ఆ వల నుంచి పారిపోయింది. గాజుకు కొట్టుకుని, రాతికి కొట్టుకుని, చివరికి నీళ్ళలోంచి ఎగిరి నేల మీద పడింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడి, అరచేతులు తడి చేసుకుని, దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక కన్ను లేదు. తోక ఉండవలసిన చోట మొండి ఉంది. కల్లుప్పు కలిపిన నీళ్ళ సీసాలోకి వదిలి, గంటసేపు దాని ముందే కూర్చున్నాడు. భోజనానికి లేవలేదు.

తర్వాత ఎవరితోనో చెప్పినట్టు అన్నాడు. "ఆడచేప తప్పేముంది ఇందులో? పారిపోవడానికి చోటు లేని పెట్టెలో పెట్టేశాక అది మాత్రం ఏం చేస్తుంది?"

చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ నీలమ్మ ఆ మాట విన్నది. ఈ మనిషికి తెలుసు అనుకుంది. చేప కోసం అన్నం మానుకున్నవాడు మనిషి కోసం ఒక్క మాట చెప్పడా అనుకుంది. అమ్మగారు చెప్పేదాకా ఆగలేదు. చీపురు గోడకు ఆనించి, కొంగు నడుముకు దోపుకుని, గుమ్మం లోపలికి ఒక అడుగు వేసి తనే చెప్పింది. ఈసారి కన్ను గురించి కూడా చెప్పింది.

"సారూ, నా బిడ్డ సుత గట్లనే దెబ్బలు తినొచ్చింది. లింగమూర్తికి ఒక్క మాట చెప్పుండ్రి. ఫారంల కలుపు తీస్తది. నా కాడ్నే ఉంటది."

ఆయన శ్రద్ధగా విన్నాడు. అది ఒప్పుకోవాలి. మధ్యలో అడ్డం రాలేదు, విసుక్కోలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడుచుకున్నాడు. నాలుగేళ్ళ కింద ఈ ఫారం గోడ మీదే ఆంధ్రా వాళ్ళు వెళ్ళిపోవాలని తారుతో రాశారనీ, నిరుడు ఆంధ్రా వైపువాళ్ళే విడిపోతామని రైళ్ళాపారనీ, ఇప్పుడిప్పుడే ఊరు తనను మనిషిగా చూస్తోందనీ చెప్పాడు. ఈ పరిస్థితిలో తాను పోయి వాళ్ళ కులపంచాయితీలో, అదీ మొగుడూ పెళ్ళాల విషయంలో నోరు పెడితే రేపు కూలీలు పనికి రారన్నాడు.

"నేను పై ఊరివాణ్ణి నీలమ్మా. నన్ను ఇందులోకి లాగకు. మీ పెద్దలు న్యాయమే చెప్తారులే."

ఆయన సీసా తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. త్రిపురసుందరి మిగిలింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది. నీలమ్మ భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకు కల్లాకపటం తెలియదు, ఓదార్చాలనే అంది.

"దిగులుపడకు. చిన్నవాళ్ళు కదా, కలిసిపోతారు. మొదట్లో అలాగే ఉంటుందని నువ్వే అన్నావుగా."

నీలమ్మ తల వంచుకుని చీపురు అందుకుంది. ఊడ్చిన హాలునే మళ్ళీ ఊడ్చింది.

ఆదివారం పొద్దున సీసాలో ఆడచేప వెల్లకిలా తేలి ఉంది. త్రిపురసుందరి దాన్ని తమలపాకులో చుట్టి, మల్లెపొద కింద పాతిపెట్టమని ఇచ్చింది. చేపను మట్టిలో పూడ్చడం నీలమ్మకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఎంత లోతు తవ్వాలో తెలియక జానెడు తవ్వింది. హాల్లో మగచేప ఖాళీ గూటి కింద కాపలా తిరుగుతూనే ఉంది.

*

పంచాయితీ చెరువుకట్ట కింద, వలలు ఆరేసే పాక ముందు కూర్చుంది. మధ్యాహ్నపు ఎండ పాక నీడను కురచ చేసింది. ఆ నీడలోనే రెండూళ్ళ పెద్దలూ మోకాళ్ళు దగ్గరికి తీసుకుని సర్దుకున్నారు. ఆడవాళ్ళకు చోటు పాక వెనక. అల్లిన తాటాకుల సందుల్లోంచి నీలమ్మకు ముక్కలు ముక్కలుగా కనిపించింది. లింగమూర్తి తలపాగా. అల్లుడు రామన్న ఉతికిన తెల్లచొక్కా. వాడు తల దించుకుని ముందున్న మట్టిలో పుల్లతో గీతలు గీస్తున్నాడు. అంత నెమ్మదస్తుణ్ణి చూస్తే ఎవరూ నమ్మరు.

అవతలి కొసన, వాళ్ళ ఊరి ఆడవాళ్ళతో పోచమ్మ నిలబడి ఉంది. కొంగు ముఖం మీదికి లాక్కుని, కుడిచెయ్యి కొంగు లోపల దాచుకుని ఉంది. నీలమ్మ ఒకసారి ఆమె వైపు ఉమ్మినట్టు చూసి ముఖం తిప్పుకుంది.

ఎల్లేశం లేచి మాట్లాడాడు. ఎంత బాగా మాట్లాడాడంటే, పాక వెనక ఆడవాళ్ళలో ఇద్దరు కళ్ళొత్తుకున్నారు. ఇంటికి దీపం కోడలన్నాడు. ఆ దీపాన్ని గడప దాటించి నూకిన ఇల్లు ఏ కులంలో అయినా ఇల్లేనా అన్నాడు. పొద్దు పొడవని వేళ బండల్లో పిల్లకు పామే ముట్టి ఉంటే ఆ ఉసురు ఎవరికి తగిలేదని అడిగాడు. దెబ్బల గురించి ఎత్తలేదు.

లింగమూర్తి పుప్పాలగూడ వాళ్ళ వైపు తిరిగాడు. పోచమ్మ మాట మోయడానికి ఆమె అన్న వచ్చాడు, పెద్దమనిషి, చెవులు సరిగ్గా వినబడవు. నూకిందా అంటే, నూకిందట, నూకినమాట నిజమేనట అన్నాడు. ఎందుకు నూకిందని ఎవరూ అడగలేదు. అత్తలు కోడళ్ళను ఎందుకు నూకుతారో అందరికీ తెలిసిందే కదా. అవతల పోచమ్మ కొంగు కింద చెయ్యి ఒకసారి పైకి లేచింది, ఏదో అనబోయినట్టు. పక్కనున్న ఆడమనిషి మోచేత్తో పొడిస్తే మళ్ళీ దిగిపోయింది.

పెద్దలు పక్కకు పోయి మాట్లాడుకుని వచ్చారు. లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"తప్పు అత్తది. గందుకు ఏ చేత్తో నూకిందో గా చెయ్యి పట్టే కోడల్ని తోల్కపోవాలె. రేపు పొద్దుగాల పొలిమేర రాయి కాడికి తల్లి బిడ్డను తోల్కొస్తది. అందరు సూడంగ పోచమ్మ చెయ్యిపట్టి ఇంట్లకు తీస్కపోతది. ఏం రామన్నా, మంచిగ సూస్కుంటవా?"

"సూస్కుంట" అన్నాడు రామన్న, గీతల వైపే చూస్తూ.

ఎల్లేశం పాక వెనక్కి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"గెలిచినం వదినె."

"గెలిస్తే బిడ్డ నా కాడ ఉండాలె గద" అంది నీలమ్మ.

"అత్తింటికి మర్యాదతోటి పోవుడే గదా గెలుసుడు. ఇంకేం కావాలె?" అని అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఇంటికి వచ్చి చెప్తే చంద్రమ్మ ఏడవలేదు. సరే అని లేచి, మూడు రోజులుగా దువ్వని తలను తనే విప్పుకుని, చిక్కు తీసుకోవడం మొదలుపెట్టింది. నీలమ్మ దువ్వెన అందుకోబోతే ఇవ్వలేదు. కాసేపయ్యాక ఇచ్చింది.

*

సోమవారం పొద్దున ఆముదం రాసి, చీలిన చెవికి తగలకుండా పక్కగా జడ వేసి, త్రిపురసుందరి ఇచ్చిన చీర కట్టి, నీలమ్మ బిడ్డను వెంట తీసుకుని బయల్దేరింది. ముందు ఎల్లేశం, లింగమూర్తి మాట్లాడుకుంటూ నడిచారు. వెనక తల్లీ బిడ్డా. బండల మధ్య దారి సన్నగా ఉంటుంది, ఇద్దరు పక్కపక్కన నడవడానికి వీలు కాదు. సీతాఫలం పొదలు చీరను పట్టుకుంటే నీలమ్మ ఆగి ఒక్కొక్క ముల్లూ విడదీసింది. మెల్లగా విడదీసింది. ఎంత మెల్లగా విడదీసినా పొదలు అయిపోతాయి కదా.

పొలిమేర రాయి దగ్గర పుప్పాలగూడ వాళ్ళు ముందే వచ్చి ఉన్నారు. మగవాళ్ళు కాస్త ఎడంగా తాటిచెట్టు కింద నిలబడి చుట్టలు ముట్టించారు. రామన్న కూడా అక్కడే ఉన్నాడు. ఎల్లేశం, లింగమూర్తి పోయి వాళ్ళలో కలిశారు. రాయికి అవతల పోచమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

"కానియ్యుండ్రి" అని లింగమూర్తి అక్కడి నుంచే కేకేశాడు.

చంద్రమ్మ రాయి దాటి ఒక అడుగు వేసింది. పోచమ్మ కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. మణికట్టు కుండంత వాచి ఉంది. పాత గుడ్డతో రెండు వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. వేళ్ళు నల్లగా కమిలి, నిటారుగా బిర్రబిగిసి ఉన్నాయి. ఆ చెయ్యిని కోడలి చేతికి ఆనిస్తూ ఆమె నీలమ్మకు దగ్గరగా వంగింది. పెదవులు కదలకుండా మాట్లాడడం ఎక్కడ నేర్చుకుందో గాని, మగవాళ్ళ వైపు నుంచి చూస్తే ఏదో క్షేమం అడుగుతున్నట్టే ఉంది.

"వాడు గొడ్డలి తీసిండు వదినె ఆ పొద్దు. నేనే తలుపు తీసి ఉరుకుమని నూకిన. గడె పెట్టి అడ్డం నిలవడితే నా చెయ్యి ఇరగ్గొట్టిండు. పాయెరా, నీ కాడికి పాయింది, ఇగ బతికింది అనుకున్న. మల్ల నువ్వే తోల్కొస్తివా?"

నీలమ్మకు మొదట మాటలు వినిపించాయి, అర్థం తర్వాత వచ్చింది. ఎల్లేశం వైపు చూసింది. అతను లింగమూర్తికి ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. ఇంత దూరం నుంచి ఈ మాటను మోసుకుపోయి వాళ్ళ ముందు దించడానికి ఆమెకు ఇంకెవరూ లేరు. బిడ్డ చీరకొంగు అందుకోబోయి ఒక అడుగు వేసింది. లింగమూర్తి చుట్ట నోట్లోంచి తీసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అయిపాయె గద నీలమ్మా. ఇగ వెనక్కి మర్లు. రాయి దాటొద్దు."

చంద్రమ్మ అత్త ముఖంలోకి చూస్తోంది. ఆమె కూడా విన్నది. వాచిన కన్ను ఆ పొద్దుకు సగం తెరుచుకుంది. ఆ సగం కంటితోనే చూసింది. తాటిచెట్టు కింది నుంచి రామన్న అడుగు ముందుకు వేసి, ఎందుకింత సేపని అడిగాడు.

చెయ్యి పట్టుకోవాలని తీర్పు. పోచమ్మ పట్టుకోవాలని చూసింది. వేళ్ళు ముడుచుకోలేదు. అందరూ చూస్తున్నారు. చంద్రమ్మ తన రెండో చేత్తో ఆ కమిలిన వేళ్ళను ఒక్కొక్కటిగా, నొప్పి పుట్టకుండా, తన మణికట్టు చుట్టూ మడుచుకుంది. మడిచి, పైన తన చెయ్యి ఆనించి పట్టుకుని, ముసలిదాన్ని నడిపించుకుంటూ ఊళ్ళోకి నడిచింది.